మడత పెట్టిన చీటీ

హుసేనప్ప అలిసిపోయాడు. ఏడేళ్లుగా అతనిది ఒకటే పని. మూడు దోవలు కలిసేచోట ఫకీరు ఇమాంషా బాబా మందు నూరి పొట్లాలు కడతాడు. వాటికి ఇతను చీటీ రాసి, దారినపోయే వాళ్ల చేత రోగులకు పంపించాలి.

పంపించి ఊరుకుంటాడా మహానుభావుడు! ఒక్క పొట్లమూ తప్పిపోకూడదని చుట్టుపక్కల ప్రతి గడపనూ పుస్తకంలో ఎక్కించసాగాడు. ఒకరు చచ్చిపోతారు, ఒకరు వలసపోతారు. రాసింది కొట్టేయడం, మళ్లీ రాయడం. కళ్లు లోతుకు పోయాయి పాపం.

ఆ పొద్దున బాబా కంట ఒక పొట్లం పడింది.

"కుమ్మరి సుంకులమ్మ ఆయాసం మందు కదా ఇది? మూడు రోజులాయె. ఇంకా ఈడే ఉందేమిరా?"

"ఆమె ఇల్లు తెలిసినోళ్లు దొరకలే బాబా. తొమ్మిదిమందిని అడిగినా."

"వాళ్లలో ఏరు దాటేవాళ్లు ఎందరు?"

"ఐదుగురు."

ఆయమ్మ ఏటి అవతల ఊపిరాడక కూర్చుని ఉంటుందని తలుచుకునేసరికి హుసేనప్పకు ఏడుపొచ్చేసింది.

"నా వల్ల కాదు బాబా! ఇన్ని ఇండ్లు నా తలకాయలో పట్టవు. నీ దగ్గరికొచ్చి ఏడేండ్లాయె, నా దారే నాకు కడదాకా కనపడలే."

బాబా మోకాళ్ల నొప్పితో మెల్లగా కూర్చుని చీటీ అందుకున్నాడు. అందులో నాలుగు వరుసలు: ఏటి అవతలి సీమ, రాళ్లకొట్టాల, కుమ్మరవీధి, సుంకులమ్మ. కింది నుంచి మూడు మడతలు పెట్టాడు. పై వరుస ఒక్కటే మిగిలింది.

ఉప్పుబండి వస్తోంది.

"అన్నా, ఏరు దాటుతావా?"

"దాటుతా సామీ."

బాబా చీటీతో సహా పొట్లం అందించాడు. "అవతలి రేవులో ఒక మడత విప్పు. ఆ ఊరి దిక్కు పోయేవాళ్లకియ్యి."

బండి కదిలిపోయింది. సుంకులమ్మ ఎవరని బండాయన అడగనేలేదు.

పదోనాడు ఒక గొర్రెలకాపరి వేరుశనగల మూట తెచ్చిచ్చాడు.

"ఎవరు పంపినారన్నా?"

"ఏమో! రేవుకాడ పడవాయన ఇచ్చినాడు."

మూటకు మడతలు పెట్టిన చీటీ ఉంది. పైకి కనిపిస్తున్నవి రెండు వరుసలు: ఏటి అవతలి సీమ, మూడు దోవల మకాం; ఆ గట్టు నుంచి చూస్తే ఇదే అవతల. హుసేనప్ప ఒక్కో మడతే విప్పాడు. మందు బాబా. అట్టడుగున వంకర అక్షరాలు: ఊపిరి ఆడుతోంది నాయనా.

అతను ఆ అక్షరాలనే మళ్లీ మళ్లీ చదివాడు. పుస్తకం ఒళ్లోంచి జారినా తీసుకోలేదు.

బాబా దోవ వైపు చెయ్యి చూపాడు. "హుసేనా, ఆ మలుపు దాకా కనిపిస్తోందా నీకు?"

"కనిపిస్తోంది బాబా."

"అయితే నడువు."