చెలమ పెద్ద ఎన్నికలో తొట్టెడు కుడితి

అడవి అంచున, రాళ్ళ మధ్య ఒకే ఒక్క చెలమ. ఎండాకాలం అందరికీ అదే దిక్కు. ఎవరు ముందు తాగాలో, ఎవరు ఆగాలో చెప్పేది చెలమ పెద్ద. ఈసారి ఆ పదవికి ఎద్దు మల్లన్న, నక్క గవర్రాజు పోటీపడ్డారు. నక్క గెలిస్తే తోడేళ్ళు చెలమ దగ్గరే మకాం వేస్తాయని గొర్రెలకూ మేకలకూ గుండెల్లో రాయి పడింది.

అక్కడో కట్టుబాటు ఉంది. ప్రచారంలో ఎవరి దగ్గర ఏం తిన్నారో, ఏం తాగారో పోటీదారులు ఓట్లకు ముందే అందరి ఎదుటా చెప్పాలి. దాస్తే పేరు కొట్టేస్తారు. మూడు ఎన్నికలదాకా నిలబడనివ్వరు. పైగా ఆ ఏడంతా చెలమలో పూడిక తీయిస్తారు. ఇవన్నీ చూసేది తాబేలవ్వ.

ఓట్ల రోజు పొద్దున్నే మల్లన్న అవ్వ దగ్గరికి వెళ్ళాడు.

"గడ్డి రెండు మోపులు, చెరుకాకు ఒక మోపు. అంతే అవ్వా."

"అంతేనా? బాగా గుర్తు తెచ్చుకో."

"గొర్రె పోలమ్మ తొట్టెడు కుడితి పోసింది. అదీ ఒక లెక్కేనా? పాపం, తన పిల్లలకే చాలదు. నలుగురిలో చెబితే నాకే సిగ్గు."

"సిగ్గుపడితే పడు గానీ చెప్పు నాయనా. దాస్తే నీ పేరైనా కొట్టేస్తాను."

మల్లన్నకు ఒళ్ళు మండింది. ముసలిదానికి చాదస్తం ఎక్కువైందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సభలో ముందు గవర్రాజు లేచాడు. "పేదవాణ్ణి. రేగుపళ్ళు తప్ప ఇంకేమీ ముట్టలేదు" అని తోక ముడుచుకుని కూర్చున్నాడు.

మల్లన్న గడ్డి సంగతి చెప్పాడు, ఆకు సంగతి చెప్పాడు. ఒకసారి అవ్వ వైపు చూశాడు. "పోలమ్మ పోసిన తొట్టెడు కుడితి కూడా" అని తల దించుకున్నాడు.

గవర్రాజు మొహం మాడిపోయింది. ఆ కుడితి సంగతి బయటపెట్టి ఎద్దు పేరు కొట్టించాలనే వాడి ఎత్తంతా! ఉండబట్టలేక ఎగిరి లేచాడు.

"అబద్ధం! ఒకటి కాదు, రెండు తొట్లు!"

"రెండోది నా పిల్లలు తాగారయ్యా" అంది పోలమ్మ.

"నా కళ్ళతో నేను చూశాను!"

"ఎక్కణ్ణుంచి చూశావు?" అంది తాబేలవ్వ.

"తోడేలు గుహ వాకిట్లోంచి! విందు ముగించుకుని మూతి తుడుచుకుంటుంటే..."

గవర్రాజు నోరు టక్కున మూతపడింది.

"రేగుపళ్ళ విందా అల్లుడూ?" అంది ఒక ముసలి మేక. సభంతా గొల్లుమంది. అవ్వ నక్క పేరు కొట్టేసి, "రేపట్నుంచి పూడిక" అంది.

మల్లన్న చెలమ పెద్ద అయ్యాడు. నేరుగా వెళ్ళి అవ్వ ముందు మోకాళ్ళు వంచాడు. "నీ చాదస్తమే నన్ను నిలబెట్టిందవ్వా. ఈ మేలు మరిచిపోను."

"నాకెందుకు? ఉన్న కాస్తలోనే నీకు పోసిన పోలమ్మకు చెప్పు."

మల్లన్న పోలమ్మ వైపు తిరిగాడు. "నీ కుడితి తాగానని చెప్పడానికి సిగ్గుపడ్డాను తల్లీ. తప్పు నాది."

"నువ్వు చెబుతావనో దాస్తావనో పోయలేదయ్యా, దాహంతో ఉన్నావని పోశాను" అంది పోలమ్మ నవ్వుతూ.

నీతి: పొందిన మేలును నలుగురిలో చెప్పుకున్నవాడికి భయం ఉండదు, దాచినవాణ్ణి వాడి నోరే పట్టిస్తుంది.