పప్పు ఉడికిన నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఎంతని, ముప్పై గడపలంతే, సైదమ్మ అని ఒకామె ఉండేది. ఎవరేం చెప్పినా ఊరికే నమ్మేది కాదు. తన కళ్ళతో చూసి తేల్చుకోవాల్సిందే. అట్లా చూసి తేల్చుకోవడాన్నే శాస్త్రమంటారమ్మా. దానికి పెద్ద బడే అక్కర్లేదు.

ఆమెకు ఒక్కగానొక్క కూతురు, అండాలు. పాలు మాన్పించాక బిడ్డకు ఏ బావి నీళ్ళు పట్టాలా అని సైదమ్మ ఆలోచించింది. ఆ ఊళ్ళో మూడు బావులున్నాయి. పప్పు బాగా ఉడికితే అవే మంచినీళ్ళని అక్కడివాళ్ళ లెక్క.

అప్పుడు సైదమ్మ మూడు కుండలు పెట్టింది. మూడింట్లో మూడు బావుల నీళ్ళు, తలా గుప్పెడు కందిపప్పు, ఒకే మంట. చింతబావి నీళ్ళలో పప్పు రాయిలా ఉండిపోయింది. రాళ్ళబావి నీళ్ళలో సగమే ఉడికింది. దూరంగా ఉన్న గుట్టబావి నీళ్ళలో వెన్నలా కరిగింది.

ఊరంతా సైదమ్మను మెచ్చుకుంది. బిడ్డల మీద ప్రేమున్న తల్లులంతా అంత దూరమూ నడిచి ఆ నీళ్ళే తెచ్చారు. బద్ధకస్తులు మూడిళ్ళవాళ్ళు మాత్రం పక్కనున్న రాళ్ళబావిలోనే చేదుకున్నారు.

ఆ తర్వాత అండాలు పళ్ళమీద మచ్చలొచ్చాయి. ఆ తర్వాత మోకాళ్ళు నొప్పులన్నది. ఆ తర్వాత కాళ్ళు వంకర తిరిగాయి. ఊళ్ళో ఇంకెంతమంది పిల్లలకో అంతే.

దిష్టి అన్నారు, తాయెత్తులు కట్టారు. సైదమ్మ మాత్రం ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఏ నీళ్ళు, ఏ బిడ్డ కాళ్ళెట్లా ఉన్నాయని చూసుకుంటూ పోయింది. బద్ధకస్తుల పిల్లలు చక్కగా పరుగెత్తుతున్నారు! కాళ్ళు వంచింది గుట్టబావి నీళ్ళేనని అప్పుడు అర్థమైంది.

అండాలును ఎత్తుకుని, ముంతలో గుట్టబావి నీళ్ళు పట్టుకుని పట్నం డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన నీళ్ళు పరీక్ష చేశాడు.

"నువ్వు చూసింది నిజమేనమ్మా. ఈ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుంది. అది ఎముకల్ని పాడుచేస్తది."

"మరి పప్పు అంత మంచిగ ఉడికె గద సారూ?"

"పప్పుకు మంచివే. ఎముకల సంగతి పప్పు చెప్పదు గద."

చూశావా తల్లీ! శాస్త్రం అబద్ధమాడలేదు. అడిగినదానికే జవాబు చెప్పింది. అడగనిదానికి నోరు విప్పలేదు. నాకైతే దానిమీద ఎంత కోపమో!

"నా బిడ్డ కాళ్ళు ఎప్పుడు సక్కగైతయి సారూ?"

డాక్టరు తల దించుకున్నాడు. "ఆ నీళ్ళు మానితే ఇంక ముదరకుండా చూడొచ్చు. ఇప్పటికే వంగినయి మాత్రం మందుతోటి సక్కగ కావమ్మా."

సైదమ్మ ఊరికొచ్చి, తప్పు తనదేనని అందరికీ చెప్పి, గుట్టబావి మీద ముళ్ళకంప వేసింది. తిట్టినవాళ్ళు తిట్టారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు నిటారుగా పెరిగారు. వాళ్ళు వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే అండాలు అరుగుమీద కూర్చుని చూసేది.

ఒకనాడు తల్లి కొంగు పట్టుకుని అడిగింది.

"అమ్మా, నీళ్ళ సంగతి ఎవరికీ తెల్వకున్నా నువ్వు తెలుసుకున్నవ్ గద. నా కాళ్ళ సంగతి గూడ తెలుసుకోవే."

సైదమ్మ ఆ వంకర కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

కథ పోయింది కంచికి,
నువ్వు చేరు మంచానికి,
నిద్దర రావాలి నీ కంటికి,
రాదులే ఈ ముసలిదానికి.