ఇనప బండి ఎగ్గొట్టిన స్నానం

ఒకప్పుడు ఇనుముకు తుప్పు అంటే ఏమిటో తెలియదు. ఎండలో పడేసినా, వానలో వదిలేసినా తళతళా మెరుస్తూ ఉండేది. ఉప్పుకు కూడా అప్పట్లో పళ్లు లేవు. ఎక్కడ పోస్తే అక్కడ బుద్ధిగా కూర్చునేది.

సముద్రం ఒడ్డున, ఉప్పుమళ్ల దగ్గర దాలమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకు ఒక ఇనప బండి ఉండేది. అప్పట్లో బండ్లు ఎద్దులు లేకుండానే నడిచేవి, నడిచినంతసేపూ కబుర్లు చెప్పేవి. ఏటా తొలకరి వచ్చేలోపు దాలమ్మ తన ఉప్పుకుప్పంతా కొండ కింద సంతకు చేర్చాలి. వాన పడితే కుప్ప కరిగిపోతుంది. కుప్ప కరిగితే దాలమ్మ పిల్లలకు ఆ ఏడాది గంజి కూడా ఉండదు.

రోజూ సాయంత్రం బండి ఇంటికొచ్చేసరికి మూలల్లో నాలుగు ఉప్పురాళ్లు మిగిలిపోయేవి.

"బండి మావా, మమ్మల్ని దింపెయ్యవా?" అని అవి అడిగేవి.

"ఉండండర్రా, రేపు మొయ్యాల్సింది మిమ్మల్నే గదా" అని బండి ఆవలించేది.

దాలమ్మ కోసెడు దూరం నుంచి మంచినీళ్లు మోసుకొచ్చి కడగబోతే గోలగోల చేసేది. "వద్దత్తా! పడిశం పట్టేత్తాది!"

ఒకరోజు దానికి ఓ ఉపాయం తోచింది. "అత్తా, నీ పిల్లలకి తలంటేటప్పుడు ముందు నూనె రాత్తావా, నీళ్లు పోత్తావా?"

"ముందు నూనేరా. అదేటి ప్రశ్న?"

"మరి నానేటి పాపం సేసినాను? నాకూ నూనే ముందు!"

దాలమ్మకు అది సబబుగానే తోచింది. గిన్నెడు ఆముదం తెచ్చి బండి ఒళ్లంతా పట్టించింది. మూలల్లో ఉప్పురాళ్లుంటే వాటి మీద కూడా పట్టించేసింది. తర్వాత నీళ్లకుండ ఎత్తబోతే బండి కళ్లు మూసుకుని, "నూనె నానాలి గదా అత్తా" అంది. ఇక రోజూ ఆముదమే, రోజూ నానడమే. స్నానం ఊసే లేదు.

నూనె కింద ఉప్పురాళ్లకు ఊపిరాడలేదు. నాలుక ఎండిపోయింది. ఓ సందులోంచి సముద్రపు గాలి తొంగిచూస్తే, "గాలి తాతా, గుక్కెడు తేమ పొయ్యి!" అని బతిమాలాయి. తాత జాలిపడి పోశాడు. తేమ తగలగానే వాటికి పళ్లు మొలిచాయి. పళ్లు మొలవగానే ఆకలేసింది. ఎదురుగా ఉన్నది ఇనుమే. ఒక రాయి కొరికి చూసింది.

"ఓలమ్మో, కరకరలాడతంది!" అంది.

అంతే, అన్నీ బంతి భోజనానికి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి.

బండికి ఒకటే దురద. గోక్కుంటే ఎర్రటి పొడి రాలింది. అది చూసి తెగ మురిసిపోయింది. "అత్తా, ఎర్రగా బుర్రగా తయారయ్యాను సూడు!"

"అంతా ఆముదం మహిమ" అంది పాపం దాలమ్మ.

ఇంతలో సముద్రం మీద నల్లమబ్బు లేచింది. కుప్ప ఇంకా సగం ఉంది. దాలమ్మ అంతా ఒక్కసారే బండికెత్తి సంతకు పరుగు పెట్టించింది. సగం దారిలో బండి అడుగున ఫట్టుమని బొక్కపడింది. ఉప్పు జరజరా నేలమీదికి కారిపోతోంది.

దాలమ్మ దారిలోనే కూలబడి ఏడ్చేసింది. "నా పిల్లలు ఆర్నెల్లు ఏటి తినాలిరా?"

బండికి సిగ్గేసింది. ఉప్పు ఇంకా కారకుండా ఓ పక్కకు ఒరిగింది.

మబ్బు వంగి చూసింది. "కురవనా అమ్మా? నీళ్లు మోసి మోసి చేతులు పీకుతున్నాయి."

"ఒక్క గడియ ఆగు తల్లీ!" అని దండం పెట్టి, దాలమ్మ మూలల్లోని ఉప్పురాళ్ల మీద విరుచుకుపడింది. "ఒరే, తినడం ఆపండ్రా!"

"ఆపలేం అత్తా, రుచి మరిగాం. మమ్మల్ని కడిగి పంపెయ్, అదొక్కటే దారి" అన్నాయవి నోటినిండా ఇనుముతో.

దాలమ్మ ఉప్పు మీద కప్పిన తాటాకు చాప తీసి నేలమీద పరిచి, ఉప్పంతా దాని మీదికి దించింది. కడగడానికి చూస్తే, ఉన్నవి తాగడానికి తెచ్చుకున్న కుండెడు నీళ్లే. గొంతు పిడచకట్టుకుపోతోంది. కుండ వంక ఒకసారి చూసింది. చూసి, మొత్తం బండి మీద కుమ్మరించింది.

బండి కిక్కురుమనలేదు. పైగా, "ఆ మూల ఇంకొంచెం తోమత్తా" అంది.

కొంగుతో తుడిచి, ఒళ్లు బాగా ఆరాక, ఇరుసుకు రాసే కందెన తీసి ఒళ్లంతా పూసింది. వెనకబడిన ఒకటి రెండు ఉప్పురాళ్లు కొరకబోతే పళ్లు జారిపోయాయి. బొక్క మీద చాప పరిచి, ఉప్పెత్తుకుని, ఇద్దరూ పడుతూ లేస్తూ సంతపాక కిందికి చేరారు. వెంటనే మబ్బు చేతులు వదిలేసింది. గంపెడు ఉప్పు పోయింది, మిగతాదంతా దక్కింది. దాలమ్మ ముందుగా చూరునీళ్లు దోసిలిపట్టి కడుపునిండా తాగింది.

అప్పటినుంచే ఉప్పు తేమ తగిలితే చాలు, ఇనుమును కొరుకుతుంది. అప్పటినుంచే ఇనుము తుప్పుపట్టి ఎర్రగా పొడి రాలుతుంది. పిల్లలకు ముందు నూనె, తర్వాత నీళ్లు. ఉప్పు మోసే బండికి, ఇప్పటి లారీకి మాత్రం ముందు మంచినీళ్లు, ఒళ్లారాక నూనె. నీళ్లు పోస్తుంటే ఏడ్చే లారీని మీరెక్కడైనా చూశారా? ఏడ్చేది మీరే, పిల్లలూ.