తొడమీది తాళం

పాట వింటే సంతోషం కలగడం మానేసిందని విశ్వపతి గురువుగారి దగ్గర బావురుమన్నాడు. చిన్నప్పుడు వీధిలో భజన వినబడినా ఒళ్ళు మరిచేవాడట. ఏళ్ళ తరబడి శిష్యరికం చేశాక ఇప్పుడు ఎవరు పాడినా తప్పులే చెవిన పడుతున్నాయి. విద్య వచ్చి, ఉన్న ఆనందం కాస్తా ఊడ్చుకుపోయిందని అతని బాధ.

పేరయ్యశాస్త్రులుగారు అంతా విన్నారు. "సాయంత్రం నాతో పెద్దాపురం రారా," అన్నారు. అంతే.

అక్కడ నవరాత్రుల పందిట్లో మంగతాయారు అనే అమ్మాయి మొదటి కచేరీ. గురుశిష్యులిద్దరూ ముందు వరుసలో చాప మీద కూర్చున్నారు. పాట మొదలైందో లేదో విశ్వపతి చెయ్యి తొడ మీద తాళం అందుకుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో మనవాడు సిద్ధహస్తుడు మరి.

పల్లవి ఎత్తుకోవడంలో ఆ పిల్ల వెంట్రుకవాసి వెనకబడింది. విశ్వపతి ఊరుకుంటాడా? అసలు దెబ్బ ఎక్కడ పడాలో పందిరంతా వినేలా తొడ మీద ఛళ్ళున చరిచాడు. వెనక ఎవరో నవ్వారు. మంగతాయారు ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. గొంతు సన్నగిల్లిపోయింది. ఇంకొక్క దెబ్బ పడితే లేచి వెళ్ళిపోయేదే, మళ్ళీ జన్మలో వేదిక ఎక్కేది కాదు.

శాస్త్రులుగారు శిష్యుడి వంక చూడనైనా చూడలేదు. ఆ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నారు.

వేళ్ళు కాసేపు గింజుకున్నాయి. పెద్దాయన పట్టు సడలించలేదు. విశ్వపతి మనసులోనే తాళం లెక్క పెట్టబోయాడు. కాసేపటికి అదీ జారిపోయింది. ఇక చేసేదేమీ లేక పాట విన్నాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, కింది స్వరాల్లో, అమ్మవారిని బతిమాలుకుంటోంది. ఇంత దగ్గరగా ఉన్న గొంతు ఇందాకటినుంచీ తనకు వినబడనే లేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎన్నేళ్ళకో, సంతోషం పొంగుకొచ్చింది. కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

కచేరీ అయ్యాక మంగతాయారు దిగివచ్చి శాస్త్రులుగారికి దండం పెట్టింది. తరవాత బెరుగ్గా విశ్వపతి వైపు తిరిగి, తప్పులు చెబితే దిద్దుకుంటానంది.

గురువుగారు ఎప్పుడు వదిలేశారో గానీ, అతని చెయ్యి ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది.

"తప్పు నా చేతిదమ్మా," అన్నాడు విశ్వపతి. "మళ్ళీ ఎప్పుడు పాడతావో చెప్పు. వినడానికి వస్తాను."