గుంజీళ్ళు తీసిన చెవులపిల్లి

అనగనగనగా, చీమలు కూడా పలకాబలపం పట్టుకు తిరిగిన కాలంలో, ఒక అడవిలో చిన్నపిల్లల బడి ఉండేది. ఆ బడిలో ఆటల మాస్టారు ఎలుగుబంటి. ఆయన బొజ్జ ఇవాళ వస్తే, ఆయన రేపు వచ్చేవాడు.

మృగరాజు ఆ బడికి కొత్త వాలీబాల్ పంపించాడు. మాస్టారు దానికి పసుపూ కుంకుమా పెట్టి, బీరువాలో దాచి తాళం వేశాడు.

నూకాలు అనే చెవులపిల్లికి ఒళ్ళు మండింది. ఆ మంటకు పక్క పాదులో పచ్చిమిరపకాయలన్నీ ఎర్రగా పండిపోయాయి!

“బంతి ఇవ్వండి మాస్టారూ, ఆడుకుంటాం,” అంది.

“ఇస్తే మాసిపోదుటే? తనిఖీకి దొరలొస్తే ఏం చూపించను? చెవులు పట్టుకుని వెయ్యి గుంజీళ్ళు తియ్యి!”

నూకాలు పళ్ళు కొరుకుతూ తీసింది. చెవులు బారెడేసి కదా, పట్టుకోవడానికి మాత్రం హాయి.

రెండో నెల మళ్ళీ అడిగింది. పొద్దుగూకేదాకా గోడకుర్చీ వేయించాడు. మూడో నెల అడిగితే ఏటి నుంచి నూరు బిందెల నీళ్ళు మోయించాడు.

కసి తీరక నూకాలు ఒక పంపరపనసకాయను, ముంజేతులు రెండూ జోడించి, బడిగోడకేసి కొట్టేది. తిరిగొస్తే మళ్ళీ కొట్టేది. చూసిన పిల్లలంతా వచ్చి చేరారు. గోడ సగం అరిగిపోయింది!

అంతలో చెరువు బడి కొంగలు పోటీకి దిగాయి. ఒక్కొక్కటి తాటిచెట్టంత! ఓడినవాళ్ళ ఆటస్థలం గెలిచినవాళ్ళదని మృగరాజు చాటించాడు.

మాస్టారు బీరువా తెరిచాడు. బంతి గాలి పోయి అప్పడంలా అణిగి ఉంది. కొంగలు కిసుక్కున నవ్వి తమ బంతి తెచ్చాయి.

ఆట చివరికొచ్చింది. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే వాళ్ళదే గెలుపు.

“ఏమే పొట్టీ, వలకి అవతల ఏముందో ఎప్పుడైనా చూశావా?” అంది పెద్ద కొంగ నూకాలుతో.

తాబేలు పిల్ల బంతిని పైకి లేపింది. గుంజీళ్ళు తీసిన కాళ్ళు నూకాలుని మబ్బుల్లోకి విసిరాయి. బిందెలు మోసిన చెయ్యి ఒక్కటి వేసింది. బంతి దిగినచోట బావి పడింది. అందులో ఇప్పటికీ నీళ్ళూరుతున్నాయి!

“చూశారా, అంతా నేను నేర్పిందే!” అని మాస్టారు బొజ్జ తడుముకున్నాడు.

గెలిచినా నూకాలు కోపం చల్లారలేదు. “మీరు నేర్పింది కోపమొక్కటే మాస్టారూ! ఆ తాళంచెవి ఇలా పడేయండి!”

ఆట చూడడానికి వచ్చిన మృగరాజు మాస్టారి వైపు ఒక్క చూపు చూశాడు. తాళంచెవి నూకాలు మెడలో పడింది. ఆ బీరువా తలుపు మళ్ళీ మూతపడితే ఒట్టు.

పిల్లల కోసం వచ్చిన వస్తువు పిల్లల చేతుల్లోనే మాసిపోవాలి. మాయకుండా దాచిపెట్టడం కాపాడడం కాదు, దోచుకోవడం.