గవరయ్య ఆటోకి మూడు బొట్లు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఏమంత ఊరులే, కొండ చంకలో ఇరుక్కున్న పదిళ్ళు, గవరయ్య అని ఒక ఆటో తోలేవాడు ఉండేవాడు. ఎంత అలిసిపోయినవాడంటే, అతను ఆవులిస్తే ఎదురింటి దండెం మీద బట్టలు ఆరిపోయేవి. నవ్వకు, నా కళ్ళతో చూశాను.

అతని తల్లి పైడమ్మ. ఆవిడ కళ్ళలో శుక్లాలు. తెల్లారితే పట్నానికొచ్చిన కంటి డాక్టర్ల దగ్గర ఆపరేషన్. అది తప్పితే మళ్ళీ ఏడాదికి గాని ఆ డాక్టర్లు రారు. ఆ ఊరికి బస్సు లేదు. ఉన్నదల్లా గవరయ్య ఆటో.

సరిగ్గా అప్పుడే ఆటో ఇంజను నూనె కారడం మొదలైంది. చుక్కలనుకున్నావా? ఏరు! ఏడూళ్ళ చీమలొచ్చి ఈత నేర్చుకున్నాయి. ఇంజనుకీ దాని మూతకీ మధ్య గాస్కెట్ అని ఒక పల్చటి అట్ట ఉంటుంది. మీ అమ్మ కుక్కర్ మూతకి రబ్బరు ఉంటుంది చూడు, దానికి పెద్దన్న. అది కాస్తా చివికిపోయింది. మెకానిక్కేమో పెళ్ళికెళ్ళాడు. సీటు కింద కొత్త గాస్కెట్ ఒక్కటుంది, అదే అదృష్టం.

అప్పుడు గవరయ్య ఉసూరుమంటూ ఇంటి ముందే మూత విప్పాడు. పాతది పీకి, కొత్తది పెట్టి బిగించాడు. స్టార్ట్ చేస్తే మళ్ళీ ఏరే. పాత అట్ట ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి మరి. ఓపిక లేక గీకలేదు.

ఆ తర్వాత మళ్ళీ విప్పాడు. కొండ నీడ ఇంటి మీదకొచ్చేదాకా బ్లేడుతో గీకాడు. గాస్కెట్ తుడిచి పేపరు మీద పెట్టి, మొహం కడుక్కుని, కాస్త నడుం వాల్చాడు. లేచొచ్చి, రెప్పలు వాలిపోతుంటే చూడకుండానే పెట్టి బిగించాడు. స్టార్ట్ చేస్తే ఈసారి వరద!

"ఇంక నావల్ల కాదే అమ్మా," అని మట్టిలోనే కూలబడ్డాడు.

"అదేట్రా? నాను బొట్లు కూడా ఎట్టాను కదా!" అంది పైడమ్మ.

"ఎక్కడెట్టావే?"

"మూత మీదే, నువ్వు తొంగున్నప్పుడు. కొత్త సామాను బొట్టెట్టకుండా వాడతామేట్రా?"

అప్పుడు మూడోసారి విప్పాడు. గాస్కెట్ మీద మూడు పసుపు ముద్దలు, ఒక్కోటి రేగుపండంత, ఎండి రాయైపోయి ఉన్నాయి. అట్ట మూతకి ఎలా అతుక్కుంటుంది? గవరయ్యకి తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. తలెత్తి చూస్తే, తల్లి అతని వైపు కాదు, పక్కనున్న గుంజ వైపు చూసి నవ్వుతోంది. చేతిలో ఉన్నది అట్టో మూతో తెలియనంత మసక. ఇంత మసకని ఒక్కనాడూ చెప్పలేదు పిచ్చితల్లి. తిట్టు మింగేశాడు.

పసుపు కడిగాడు. ఆరబెట్టాడు. వేలితో తడిమి చూసి మరీ గాస్కెట్ పెట్టి, బోల్టులన్నీ కొంచెం కొంచెంగా బిగించాడు. తల్లి చెయ్యి పట్టుకుని బిగించిన మూత మీద పెట్టాడు.

"ఇక్కడెట్టవే అమ్మా."

మూడు బొట్లు పెట్టింది. బండి స్టార్టయింది. ఒక్క చుక్క కారితే ఒట్టు! చీమలు ఏడుస్తూ ఇళ్ళకెళ్ళాయి.

ఆ తర్వాత ఆపరేషనూ అయింది, కట్టూ విప్పారు. పైడమ్మ ఇంటికొచ్చి తిన్నగా ఇంజను దగ్గరికెళ్ళి వంగి చూసింది.

"ఒరే గవరా, బొట్లు ఇంత వంకరేట్రా? చెయ్యి పట్టుకున్నోడివి, తిన్నగా పట్టుకోలేకపోయావా?"

"నిద్రొస్తోందే అమ్మా," అని గవరయ్య వెనక సీట్లో ముడుచుకుని పడుకున్నాడు. ఆ గురకకి కొండ రెండడుగులు వెనక్కి జరిగింది.

చుక్క కారని బండి బాటకి,
చూపు వచ్చిన అమ్మ ఇంటికి,
కథేమో కంచికి,
కునుకేమో నీ కంటికి.