రాజుగారికి లేని చోటు

ఒకానొక రాజ్యంలో రాజుగారు కూర్చోలేకపోయారు. వచ్చిన చిక్కంతా అదే.

రాజు పేరు వీరభూపతి. ఆయన నిలబడి ఉంటే సభలో ఎవరూ కూర్చోకూడదు. నలభై రోజులుగా ఆయన నిలబడే ఉన్నాడు గనక మంత్రులూ, సేనానులూ, ఎనభై ఏళ్ళ పురోహితుడూ నిలబడే ఉన్నారు. ఒకరిద్దరు స్తంభాలకి ఆనుకుని నిద్రపోవడం కూడా నేర్చుకున్నారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ రాజ్యంలో తీర్పు సింహాసనం మీద కూర్చునే చెప్పాలి. నిలబడి చెప్పిన తీర్పు చెల్లదు.

కొండసాని అనే పల్లెటూరి ఆవిడ తమ్ముడు ఓబన్న చెరలో ఉన్నాడు. రాజుగారి గుర్రాన్ని దొంగిలించాడని నేరం. ఆ గుర్రం మూడోనాటికి దానంతట అదే శాలకి తిరిగొచ్చింది. సంగతి ఊరందరికీ తెలుసు, చెరసాల అధికారికీ తెలుసు. కానీ తీర్పు లేనిదే విడిచే వీల్లేదు. చెరలో గోడలన్నీ చెమ్మ. ఓబన్నకి దగ్గు పట్టుకుంది, మనిషి సగమయ్యాడు. కొండసాని రోజూ సభకి వచ్చేది. రాజుగారు కూర్చున్నాక రమ్మని భటులు రోజూ పంపేసేవారు.

ఆమె తన పల్లెలో మొలలకి, అంటే మూలశంకకి, వైద్యం చేస్తుంది. రాజు ఒక కాలి మీంచి మరో కాలి మీదికి బరువు మార్చుకోవడం, నవ్వబోయి ఆగిపోవడం, భోజనం మాటెత్తితే మొహం పాలిపోవడం గుమ్మం దగ్గర్నించే చూసింది. రోగం తెలిసిపోయింది. నలభై ఒకటో నాడు భటుల్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఏలినవారు కూర్చుంటే గాని మా తమ్ముడు బయటికి రాడు. అందుకని తమర్ని కూర్చోబెట్టడానికి వచ్చాను" అంది.

రాజవైద్యుడు సింగరభట్టుకి కోపం వచ్చింది. నలభై రోజులుగా తాను భస్మాలు ఇస్తూనే ఉన్నానన్నాడు. నొప్పి ఉన్నచోట చూశారా అని ఆమె అడిగింది. సభ బిగుసుకుపోయింది. వీరభూపతి తాతగారు ఒక యుద్ధంలోంచి పారిపోతుంటే సొంత సైన్యమంతా ఆయన వీపు చూసింది. ఇంటికి రాగానే ఆయన ఒక చట్టం చేశాడు: రాజు వెనుకభాగం చూసినవాడి కళ్ళు పీకించాలి.

చూడనక్కర్లేదు, శాస్త్రం ఉందన్నాడు సింగరభట్టు.

"అయితే శాస్త్రమే చెప్పండి. ఆ చోటు ఎలా ఉంటుంది?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. పెద్దపేగు చివర నాలుగున్నర అంగుళాల గొట్టమనీ, లోపల శంఖంలో చుట్లలాగా మూడు మడతలనీ, పైది నెడుతుందనీ, నడిమిది వదులుతుందనీ, కిందిది మూస్తుందనీ గడగడా వల్లించాడు.

"బాగా చెప్పారు. మడతని బట్టి మందు మారుతుంది. మరి రాజుగారికి మొల ఏ మడతలో ఉంది?"

సింగరభట్టు ఇరుక్కుపోయాడు. చూశానంటే కళ్ళు పోతాయి. చూడలేదంటే కొలువు పోతుంది.

"ఆ మడతలు మామూలు మనుషులకి. ప్రభువులది దివ్యదేహం. దివ్యదేహానికి వెనుకభాగమంటూ ఉండదు. ఈ నొప్పి దిష్టి" అన్నాడు.

రాజు కొంచెం ఆశ్చర్యపోయాడు. కానీ పొగడ్త కదా, తలూపాడు.

ఆ మాట రాసి ముద్ర వెయ్యమంది కొండసాని. రాశారు, వేశారు.

"ఇక నేను చూస్తాను" అంది.

"కళ్ళు పోతాయి, తెలుసా?" అన్నాడు రాజు.

"చిత్తం. అక్కడ ఏమీ లేకపోతే నేను చూసిందేమీ లేనట్టే. లేనిదాన్ని చూసినందుకు శిక్ష ఉండదు. ఉంటే మాత్రం పండితులవారు తమ ముద్రతో అబద్ధం రాయించినట్టు. ముందు వారి సంగతి తేల్చండి. నా కళ్ళు ఎక్కడికీ పోవు, ఇక్కడే ఉంటాయి."

రాజు నలభై రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. నొప్పితో నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ నొప్పే మిగతా మాట ఆయనచేత అనిపించింది: "తెర కట్టండి."

తాంబూలం నమిలేంత సేపట్లో ఆమె బయటికొచ్చింది. రెండు పూటలా గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోవాలంది. మజ్జిగ, ఉడికించిన కంద, ఆకుకూరలు తినాలంది. మిరపకాయ మానేయాలంది.

"ఒక్కమాట. మనుషులకైతే ఇలా చెప్తాను. బలవంతంగా ముక్కకూడదు. పైమడత ఎవరి ఆజ్ఞా వినదు, దాని వేళకి అది పని చేస్తుంది. అంతదాకా ఎంతటివారైనా వేచి ఉండాల్సిందే."

వైద్యం మొదలైన ఇరవై ఒకటో నాడు రాజు సింహాసనం మీద కూర్చున్నాడు. సభంతా ఒక్కసారిగా కూలబడింది. పురోహితుడు సాయంత్రం దాకా లేవలేదు. మొదటి తీర్పు ఓబన్నది. గుర్రం శాలలోనే ఉంది గనక దొంగతనం లేదన్నాడు రాజు.

తర్వాత సింగరభట్టుని ఏం చెయ్యమంటావని కొండసానిని అడిగాడు.

"ఏమీ చెయ్యకండి. ఆయన్ని శిక్షిస్తే ఆ రాత అబద్ధమని ఒప్పుకున్నట్టు. అప్పుడు నా కళ్ళ సంగతి?"

ఈసారి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు, సగంలో ఆగకుండా. ఆమెకి శాలువా కప్పించి, కోట పక్కనే వైద్యశాల కట్టించి ఇచ్చాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని వదల్లేదు. తెర వెనక ఏం చూశావే, మాలాగే ఉందా అని ఒకటే ఆరా. తెర దాటి బయటికి అడుగు పెట్టేటప్పుడే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది.

"రాజుగారికి అలాంటిదేమీ లేదని పండితులవారు రాసిచ్చారు కదమ్మా" అనేది.

బతికినన్నాళ్ళూ అదే మాట. ఓబన్నకి కూడా ఇంకోమాట చెప్పలేదు.